అంచు కోయకుండా ఫ్రేము కట్టే షాపు, తిరుపతిలో

ముందే చెప్పేస్తున్నా, ఇది పొడుగు రివ్యూ. పాత గుడ్డలకి, బట్ట మీద వేసిన బొమ్మలకి ఫ్రేము కట్టించాలని తిరుపతిలో షాపు వెతుక్కుంటున్నవాళ్లకి కావలసిన సంగతులన్నీ ఇందులో ఉన్నాయి. కానీ మధ్యమధ్యలో మా అమ్మ వస్తూనే ఉంటుంది. నేను ఫ్రేము కట్టించింది ఆమె వేసిన కలంకారీకి. ఆమె ఎట్లాంటి మనిషో చెప్పకుండా ఆ షాపాయన చేసిన పని గురించి చెప్తే సగమే అర్థమవుతుంది.

షాపు గాంధీ రోడ్డు నుంచి గోవిందరాజస్వామి గుడి వైపు పోయే సందుల్లో ఒకదాంట్లో ఉంది. పేరు రాయడం లేదు, రాయొద్దని ఆయనే అడిగారు. పని చేసేది ఆయన, ఆయన అల్లుడు, ఇద్దరే. ఉన్న పనికే డేట్లు చెప్పలేకపోతున్నామమ్మా, ఇంకా జనం వస్తే పని పాడైపోతుంది అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. నిజంగా అవసరమున్నవాళ్లు నన్ను అడగండి, దారి చెప్తా.

అమ్మ పోయి ఏడాది అయ్యింది. సంవత్సరీకానికి హాల్లో పెట్టడానికి అమ్మ ఫొటో పెద్దది చేయించి, బంగారు రంగు ఫ్రేము కట్టించి, దండ వేద్దామని తమ్ముడు అన్నాడు. నాకు మనసొప్పలేదు. అమ్మకి ఫొటో దిగడమంటేనే చిరాకు, ఉన్న నాలుగు ఫొటోల్లోనూ ఎటో చూస్తూ ఉంటుంది. ఫొటో బదులు గంగమ్మ జాతర బొమ్మలతో ఆమె వేసిన గుడ్డ పెడదామన్నా. ట్రంకు పెట్టెలో చుట్టి ఉంది, 1991లో వేసింది, అయిదడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. దాంతో పాటు ఒక చిన్న గుడ్డ, నెమలి బొమ్మది, దిండు గలీబంత ఉంటుంది.

మొదట ఇంటికి దగ్గరని వేరే షాపుకి వెళ్లా. పేరు అనవసరం. అక్కడ పెద్ద గుడ్డని కౌంటరు మీద పరిచి ఒక అబ్బాయి టేపు పెట్టి కొలిచి, నాలుగు వైపులా రెండేసి అంగుళాలు కోసేస్తాం మేడమ్, అంచులు మరకలుగా ఉన్నాయి, కోస్తే నీట్‌గా వస్తుంది అన్నాడు. ఎడమవైపు అంచులో ఒక చేప ఉంది. వంకర చేప, తోక ఒకటి పైకి ఒకటి పక్కకి, కన్ను చేప బయట ఉంది. ఈ గీతలు కూడా పోతాయి అని వేలితో చూపించాడు. నాకు గొంతు పట్టేసింది. పెద్ద గుడ్డ వెంటనే మడిచి సంచిలో పెట్టుకున్నా. చిన్నదైనా చేయించుకుపోదామని నెమలి గుడ్డ ఇచ్చి వచ్చా, అది నా తప్పు. మూడు రోజుల తర్వాత వెళ్తే దాన్ని మైదా జిగురుతో హార్డ్‌బోర్డు మీద అంటించేశారు. దేవుడి పటాల కాగితాన్ని ఎట్లా అంటిస్తారో అట్లా. గుడ్డ బోర్డు మీద బిగుసుకుపోయి, నెమలి మెడ దగ్గర బుడగలు లేచి ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ రెండో షాపు చెప్పింది అమ్మ దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్న ఒకాయన. ఒకప్పుడు గోడల మీద, షాపుల మీద బోర్డులు రాసేవాడు, ఫ్లెక్సీలు వచ్చాక ఇప్పుడు లారీల వెనక రాస్తున్నాడు. ఫోనులో నేను ఏడుస్తుంటే, టీచరమ్మ గుడ్డని జిగురు పెట్టి అంటించినారా అక్కా, రేపు పొద్దున్నే నేను చెప్పే చోటికి పో, ఇంకెక్కడికీ పోవద్దు అన్నాడు.

షాపు చూస్తే మీకు నమ్మకం కలగదు, ముందే చెప్తున్నా. పది అడుగుల గది. ముందంతా వెంకటేశ్వరస్వామి, పద్మావతమ్మ పటాలు గోడకి ఆనించి వరసగా, వాటి మీద పాత పేపర్లు కప్పి ఉంటాయి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, నడిచే పోవాలి. వెనక చెక్కపొడి వాసన, ఫ్రేము చెక్కపట్టీలు, అదే బీడింగులు కోసే మిషను, ఒక పెద్ద బల్ల. ఆ బల్ల మాత్రం చాలా శుభ్రంగా ఉంది, దాని మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది.

జాతర గుడ్డ ఆ బల్ల మీద పరిచా. ఆయన కళ్లజోడు పెట్టుకుని, టేపు తీయకుండా, ముందు చేతులు కడుక్కుని తుడుచుకుని వచ్చారు. ఒక చివర నుంచి మెల్లగా చూసుకుంటూ పోయారు. గీత ఇక్కడ లావుగా ఉంది, ఇక్కడికొచ్చేసరికి సన్నబడింది, ఇక్కడ మళ్లీ లావు, కలం మళ్లీ ముంచుకున్నారు కదమ్మా అన్నారు. అచ్చు కాదు చేత్తో వేసిందే అని గీత చూసి చెప్పారు. ఎడమ అంచు దాకా వచ్చి ఆగి, తలెత్తి నా వైపు చూసి, ఈ చేప ఎవరు వేసింది అని అడిగారు.

నేనే వేశా. నాకు అప్పుడు ఆరేళ్లు.

కలంకారీ ఎట్లా వేస్తారో తెలియనివాళ్లకి ఈ చేప సంగతి అర్థం కావాలంటే కొంచెం చెప్పాలి. కాళహస్తి పద్ధతిలో అచ్చులుండవు. వెదురు పుల్ల మొన చెక్కి, దానికి కాస్త పైన గుడ్డ గానీ ఉన్ని గానీ చుట్టి దారంతో బిగిస్తారు, అదే కలం. చుట్టిన గుడ్డ రంగుని పీల్చుకుని ఉంటుంది, వేళ్లతో నొక్కుతూ ఉంటే మొనకి దిగుతుంది. అందుకే అమ్మ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ నల్లగానే ఉండేవి, పెళ్లిళ్లకి వెళ్లినా అట్లాగే ఉండేవి. ముందు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి పిండి ఎండబెట్టాలి. పాలలో వెన్న ఉంటుంది కాబట్టి రంగు పక్కకి పాకదు. ఇల్లంతా పచ్చిపాల వాసన, ఆ వాసనకి పక్కింటి పిల్లి మా ఇంట్లోనే కాపురం. నల్ల రంగుని కసిం అంటారు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి కుండలో రెండు మూడు వారాలు మురగబెడితే వస్తుంది. చూడడానికి పలచని టీ నీళ్లలా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పెట్టగానే నల్లబడుతుంది. ఇక పోదు. చెరపడం అంటూ లేదు.

నేను అమ్మ లేనప్పుడు కలం తీసుకుని ఆ టీ నీళ్లతో అంచులో చేప వేశా. వేసేటప్పుడు సరిగ్గా కనబడలేదు కూడా, కాసేపటికి చూస్తే నల్లగా చేప. భయంతో బాత్రూములో దాక్కున్నా. అప్పటికే ఆ గుడ్డ మీద అమ్మ నెల రోజుల పని ఉంది. అమ్మ వచ్చి చూసింది, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తలుపు దగ్గరికి వచ్చి, పాపా, నీ చేపకి నీళ్లు కావాలి కదా, రా, అంది. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నా చేతి మీద తన చెయ్యి పెట్టి, చేప కింద మూడు అలలు గీయించింది. ఆ అలలు ఇప్పటికీ ఉన్నాయి. రెండు తిన్నగా ఉంటాయి, మూడోది నేను చెయ్యి లాగడంతో అంచు దాటి గుడ్డ చివరిదాకా పోయింది.

ఇదంతా ఆయనకి చెప్పా. మధ్యలో ఎవరో పటం కోసం వస్తే అల్లుణ్ణి చూడమన్నారు. అంతా విని, అయితే ఒక్క దారప్పోగు కూడా కోయకూడదు అన్నారు. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఆ మాట.

గుడ్డ మీద ఏముందంటే, మన తాతయ్యగుంట గంగమ్మ జాతర. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు, అన్నీ వరస గళ్లలో, రామాయణం వేసినట్టు. ఆడవాళ్లని చెరబట్టే పాలెగాడిని పట్టుకోవడానికి గంగమ్మ రోజుకో వేషం వేసిందనీ, దొర వేషంలో ఉండగా వాడు బయటికి వస్తే తల నరికిందనీ, ఆ తర్వాత మాతంగిగా వెళ్లి పాలెగాడి భార్యని ఓదార్చిందనీ కథ. అమ్మకి అన్నిటికంటే ఆ చివరి ముక్క ఇష్టం. చంపినామె వెళ్లి ఓదార్చడం. గుడ్డ మొత్తంలో పెద్ద గడి దానికే ఇచ్చింది. తల నరికేది మూలకి చిన్నగా ఉంటుంది.

ప్రతి మే నెలలో జాతరకి పోయేది. బొమ్మల పుస్తకం చంకలో పెట్టుకుని, చీర కొంగు నడుముకి చుట్టుకుని, మగవాళ్లు చీరలు కట్టుకుని పూలు పెట్టుకుని వస్తుంటే వాళ్ల పక్కనే నడుస్తూ గీసేది. జనం తోసేస్తుంటే గీత ఎటు పోతే అటు పోనిచ్చేది. ఆ పుస్తకాల్లో సగం గీతలు ఎవరో మోచేత్తో తోస్తే వచ్చినవే, వాటినే గుడ్డమీద కూడా అట్లాగే వేసింది. కాళహస్తి పద్ధతిలో బొమ్మ పైన తెలుగులో కథ రాస్తారు కదా, అమ్మ అక్కడ పద్యాలు రాయలేదు, జాతరలో జనం మాట్లాడుకునే మాటలు రాసింది. "యాడికి పోతా ఉండావు నిలబడు" అని ఒకచోట ఉంటుంది. అమ్ముడుపోతుందేమోనని చూపించడానికి తీసుకెళ్తే, బొమ్మ బాగుందమ్మా, కానీ రామాయణం వేసి తీసుకురా అన్నారట. రామాయణాలు కూడా వేసింది, వాటితోనే మా స్కూలు ఫీజులు కట్టింది, అవన్నీ ఎవరెవరి ఇళ్లలోనో ఉన్నాయి. ఇది మాత్రం మాకు మిగిలింది.

అమ్మది కలంకారీ కుటుంబం కాదు. పుట్టింది కాళహస్తిలోనే. 1950ల చివర్లో అక్కడ ప్రభుత్వం కలంకారీ నేర్పే కేంద్రం పెట్టడం, చేతిపనుల కోసం పనిచేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ పట్టుబట్టి దాదాపు ఆగిపోయిన పనిని మళ్లీ నిలబెట్టడం, జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అక్కడ నేర్పించడం, ఇవన్నీ అమ్మ మాకు రాత్రిపూట కథల్లా చెప్పేది. 2008లో కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి పద్మశ్రీ వచ్చినరోజు వీధిలో అందరికీ లడ్లు పంచింది, ఆయన మాకు చుట్టం కాదు, ఏమీ కాదు. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, చిన్న చిన్న పనులు చేసిపెడుతూ నేర్చుకుందట. డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు పాసై, తిరుపతిలో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరింది. నాన్న మద్రాసులో పని చూసుకుంటానని వెళ్లి మెల్లగా రావడం మానేశారు. దాని గురించి అమ్మ ఎప్పుడూ ఎక్కువ మాట్లాడలేదు, నేనూ రాయను.

షాపు సంగతికి వస్తా. నెమలి గుడ్డని మొదట బోర్డు మీంచి తేల్చారు, అంటే ఊడదీశారు. మైదా జిగురు కాబట్టి బతికిపోయిందమ్మా, గట్టి గమ్ము అయితే నేను చేతులెత్తేసేవాణ్ణి అన్నారు. బోర్డుని వెనకనుంచి పొరలు పొరలుగా చెక్కి పలచగా చేసి, ఆ మిగిలిన పొరమీద తడిగుడ్డ వేసి, జిగురు మెత్తబడ్డాక కొంచెం కొంచెంగా తీశారు. నీళ్లు తగిలితే రంగు పోదా అని భయపడితే, ఏటిలో ఉతికిన గుడ్డ కదా, నలుపు ఎరుపు ఎక్కడికీ పోవు, పసుపు నీలం చివర్లో పెట్టేవి కాబట్టి వాటితోనే జాగ్రత్త, అన్నారు. ఆయనకి ఇది ఎట్లా తెలుసని అడిగితే, కాళహస్తి గుడ్డలు చాలా కట్టానమ్మా, తెలియక ఒకటి పాడు చేశా చిన్నప్పుడు, దాని తర్వాత వెళ్లి అడిగి తెలుసుకున్నా అన్నారు. నెమలి మెడ దగ్గర నీలం కాస్త వెలిసింది. దాన్ని దాచకుండా ఆయనే చూపించారు.

ఆయన ఏటిలో ఉతికిన గుడ్డ అన్నప్పుడు నాకు స్వర్ణముఖి గుర్తొచ్చింది. ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక నీళ్లు పెట్టాలి, అవి పెట్టినట్టే కనబడవు. తర్వాత ఎర్ర రంగునిచ్చే వేర్లు, చిరివేరో మంజిష్ఠో వేసి పెద్ద రాగి గంగాళంలో ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. ఆ మధ్యలో, ముందూ వెనకా, పారే నీళ్లలో ఉతకాలి, నిలవ నీళ్లలో ఉతికితే వదిలిన పటిక పక్కన అంటుకుని మరకలవుతాయి. స్వర్ణముఖిలో ఏడాదంతా నీళ్లుండవు. సెలవుల్లో కాళహస్తి అమ్మమ్మ వాళ్లింటికి పోతే, అమ్మ తెల్లారుజామున మమ్మల్ని లేపి ఏట్లోకి తీసుకెళ్లేది, ఎక్కడో ఒక పాయ సన్నగా పారుతుంటే అక్కడ గుడ్డ వదిలేది. నేను ఒక కొస, తమ్ముడు ఒక కొస పట్టుకుని నిలబడాలి. మేం చేయి వదిలేస్తే గుడ్డ పాయలో పాములా పోయేది, అమ్మ మోకాళ్లదాకా చీర ఎత్తి పరిగెత్తి పట్టుకుని, నవ్వేది, తిట్టేది కాదు.

ఇప్పుడు ఫ్రేము పని. ఎవరైనా కట్టించుకునేవాళ్లు ఈ భాగం బాగా చదవండి. గుడ్డని ఎప్పుడూ అంటించకూడదు, కుట్టాలి. ఆయన ఆసిడ్ లేని బోర్డు మీద ఉతికిన పాత తెల్ల నూలు గుడ్డ బిగించి, దానిమీద అమ్మ గుడ్డని పరిచి, సన్నసూదితో పోగుల మధ్యలోంచి, దారం పైకి కనబడకుండా కుట్టారు. నల్లగీతల మీద ఒక్క కుట్టు కూడా వేయలేదు. కసింలో ఇనుము ఉంటుంది కదా, ఏళ్లు గడిచే కొద్దీ ఆ ఇనుమే గుడ్డని తింటుంది, నల్లగీత ఉన్నచోటే గుడ్డ ముందు చిట్లుతుంది. నా గుడ్డలో పాలెగాడి మీసం దగ్గర అప్పటికే చిట్లి ఉంది, ఆయన చూపించేదాకా నేను గమనించలేదు. అక్కడ వెనక నుంచి చిన్న నూలు ముక్క పెట్టి నిలబెట్టారు.

గాజు గుడ్డకి తగలకూడదు. తగిలితే వానాకాలంలో చెమ్మ పట్టి బూజు వస్తుంది. అందుకని లోపల చుట్టూ అర అంగుళం పట్టీ పెట్టి ఖాళీ ఉంచారు. గాజు పెట్టాలా, ఆక్రిలిక్ పెట్టాలా అని నేను ఊగిసలాడా. ఈ సైజుకి నాలుగు మిల్లీమీటర్ల గాజే పధ్నాలుగు కిలోల దాకా ఉంటుంది, మూడు మిల్లీమీటర్ల ఆక్రిలిక్ అయిదు కిలోలు. ఎండలోని యూవీ కిరణాలని ఆపే ఆక్రిలిక్ ఇక్కడ దొరకదు, చెన్నై నుంచి తెప్పించాలి, ధర ఎక్కువ. చెట్ల రంగులకి వెలుతురే శత్రువు, అందులో పసుపు ముందు పోతుంది, కాబట్టి అదే పెట్టించా. ఆక్రిలిక్‌కి ఒక ఇబ్బంది ఉంది, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, దుమ్మునీ లాక్కుంటుంది. మెత్తటి తడిగుడ్డతో మాత్రమే తుడవాలి. బీడింగు సన్నటి టేకు, పాలిష్ లేదు. బంగారు రంగు వద్దని నేను అనకముందే ఆయనే దాన్ని పక్కన పెట్టేశారు.

ఇక అంచులు. మామూలుగా మౌంటు బోర్డు కిటికీలా కోసి అంచుల మీద కప్పుతారు. ఈయన మౌంటు పెట్టలేదు. గుడ్డ మొత్తం, నాలుగు కొసలూ కనబడేలా, గాలిలో తేలుతున్నట్టు పెట్టారు. చేప ఉంది, అలలు ఉన్నాయి, అంచు దాటిపోయిన మూడో అల గుడ్డ చివర ఎక్కడ ఆగిందో అక్కడిదాకా ఉంది. కింద అంచులో అమ్మ కలం తుడుచుకున్న గీతలు, వేలిముద్ర, ఎరుపు ఎంత చిక్కగా వచ్చిందో చూసుకోవడానికి పెట్టిన చుక్కలు, ఒకచోట పాల లెక్క, "3 శేర్లు" అని. ఇంతకుముందు నేను ఆ గుడ్డని ఎన్నిసార్లు చూసినా జాతరే చూశా. ఫ్రేములో చూసినప్పుడు మొదటిసారి ఆ అంచుల్లో అమ్మ కూర్చుని పని చేస్తున్నట్టు కనిపించింది. అక్కడే షాపులో కూర్చుండిపోయా. ఆయన అల్లుడు టీ తెచ్చి పెట్టాడు, ఎవరూ తొందర పెట్టలేదు.

కుడి కింద మూల నీటి మరక ఉంది. 2021 నవంబరు వానల్లో తిరుపతి మునిగినప్పుడు మా ఇంట్లోకి నీళ్లు వచ్చి ట్రంకు పెట్టె అడుగు తడిసింది. అమ్మ అప్పటికే మోకాళ్ల నొప్పులతో నడవలేక, మంచం మీద కూర్చుని, ముందు బియ్యం కాదు ఆ పెట్టె ఎత్తండిరా అని అరిచింది. మరక పోతుందా అని అడిగితే, తీయొచ్చేమో గానీ తీయడానికి వాడేవి గుడ్డకి మంచివి కావు, ఉండనీయండి అన్నారు. ఉండనిచ్చాం.

టీచరుగా అమ్మ గురించి రెండు మాటలు చెప్పకపోతే ఆమె దగ్గర చదివిన పిల్లలు నన్ను ఊరుకోరు. కొండ బొమ్మ వేయమంటే ఏ క్లాసులోనైనా పిల్లలు రెండు ముక్కోణాలు వేసి, మధ్యలో సూర్యుణ్ణి పెట్టి, ఒక కొబ్బరిచెట్టు పెడతారు. అమ్మ ఆ కాగితం పట్టుకుని, ఈ కొండలు ఏ ఊర్లో ఉండాయి నాయనా, తల తిప్పి చూడు, అనేది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా శేషాచలం. పైన బల్లపరుపుగా, నిలువు రాతి గోడలతో, సాయంత్రం ఎండ పడితే ఎర్రగా. రోజూ దాని కింద తిరిగే పిల్లలు దాన్ని చూడకుండా ఎక్కడివో ముక్కోణాలు వేస్తున్నారని ఆమెకి నిజంగానే బాధ. పరీక్షలు దగ్గరికొస్తే డ్రాయింగ్ పీరియడ్ని లెక్కలకి తీసేసుకునేవారు. ఆమె పిల్లల్ని వెంటబెట్టుకుని కపిలతీర్థం పోయేది, వానలు పడి జలపాతం దూకుతుంటే వంతులవారీగా మెట్ల మీద కూర్చోబెట్టి గీయించేది. దీనికి రెండుసార్లు మెమో ఇచ్చారు. ఆ మెమోల వెనక తెల్లగా ఉన్నవైపు కూడా బొమ్మలున్నాయి, నా దగ్గర ఉన్నాయి. కసిం నల్లబడడం చూపించే రోజైతే వేరే సెక్షను పిల్లలు కూడా కిటికీలకి వేలాడేవాళ్లు.

మేం స్కూలు ఎగ్గొట్టడం కూడా ఆమెకి పెద్ద విషయం కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఏదో పరీక్ష వారంలో, నన్ను తీసుకుని బస్సులు మారుతూ లేపాక్షి పోయింది. పైకప్పు బొమ్మలు మెడ ఎత్తి చూస్తుంటే నొప్పి పుడుతోందని, కొంగు పరిచి మంటపంలో రాతినేల మీద వెల్లకిలా పడుకుంది, నన్నూ పడుకోబెట్టింది. వీరభద్రుడు అంత పెద్దగా మీదికి వచ్చేస్తున్నట్టున్నాడు. చుట్టూ జనం నవ్వుతున్నారు. కాపలా ఆయన లేవమన్నాడు. పైన ఇంత బొమ్మ వేసినోళ్లు ఎంత మెడ నొప్పి పడినారో, మనం పడుకుని చూడకపోతే ఎట్లా సామీ, అంది. ఆయన కాసేపు నిలబడి, చివరికి తనే మాకు ఆ చీరల అంచుల డిజైన్లు ఎక్కడెక్కడున్నాయో వేలితో చూపించాడు. నాకు సిగ్గుగా ఉండింది అప్పుడు. ఇంటికొచ్చి ఏడ్చా కూడా, మిగతా అమ్మల్లాగా ఎందుకు ఉండవని. ఆమె నా జడ వేస్తూ, ఏం మాట్లాడలేదు. ఆ చేతుల వల్ల నా తెల్ల రిబ్బన్లు ఎప్పుడూ కరక్కాయ పసుపులో ఉండేవి, అది కూడా నా గొడవల్లో ఒకటి. నేను అన్న మాటలకి ఎప్పుడైనా క్షమాపణ చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.

ధరలు. జాతర గుడ్డకి ఆక్రిలిక్‌తో కలిపి 9,400 అయ్యింది. మొదటి షాపులో దీనికే 3,200 చెప్పారు, కానీ రెండూ ఒక పని కాదు. నెమలి గుడ్డ తేల్చి, మామూలు గాజుతో కట్టినందుకు 1,850. తేల్చిన కూలి వేరే తీసుకోలేదు, నేనే అడిగి 500 ఇచ్చా. ఫోన్‌పే ఉంది. సగం అడ్వాన్సు అడుగుతారు, రసీదు చేత్తో రాసి ఇస్తారు.

లోపం కూడా చెప్పాలి. పన్నెండు రోజులన్నారు, పంతొమ్మిది రోజులు పట్టింది. చెన్నై నుంచి షీటు ఆలస్యంగా వచ్చిందట. ఆలస్యం అవుతోందని ముందు వాళ్లు ఫోన్ చేయలేదు, నేనే నాలుగుసార్లు చేసుకోవాల్సి వచ్చింది, తిథి దగ్గరికొస్తోందని నాకు చాలా టెన్షన్ అయ్యింది. సంవత్సరీకానికి సరిగ్గా ముందురోజు సాయంత్రం ఇచ్చారు. మీకు ముహూర్తమో తిథో ఉంటే నెల ముందు ఇవ్వండి, ఫోన్ చేసి కనుక్కుంటూ ఉండండి. డెలివరీ లేదు, ఆటోలో నిలువుగా పట్టుకుని రావాలి, పడుకోబెట్టొద్దన్నారు. పండగల ముందు, బ్రహ్మోత్సవాలప్పుడు అసలు వెళ్లొద్దు, పటాల పనిలో తల ఎత్తలేరు.

తగిలించడానికి కూడా ఆయన చెప్పినట్టే చేశాం. కిటికీకి ఎదురుగోడ వద్దన్నారు, వంటింటి గోడ వద్దన్నారు, బయటి గోడకి వానల్లో చెమ్మ దిగుతుంది కాబట్టి అదీ వద్దన్నారు. వెనక నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు అంటించి ఇచ్చారు, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడడానికి. హాల్లోంచి పడగ్గదికి పోయే నడవలో, లోపలి గోడకి పెట్టాం. దండ వేయలేదు, తమ్ముడు మొదట ఒప్పుకోలేదు గానీ, గుడ్డ చూశాక ఊరుకున్నాడు. ఆ రోజు వచ్చిన పాత విద్యార్థులు చాలాసేపు దాని ముందే నిలబడ్డారు. లారీల బోర్డులు రాసే ఆయన ముఖం దగ్గరగా పెట్టి, కలం తుడిచిన గీతలు ఒక్కొక్కటీ చూస్తూ, ఇది మా టీచరమ్మ బొటనవేలే అన్నాడు. మా తమ్ముడి కూతురికి అయిదేళ్లు. దానికి జాతర కంటే చేపే నచ్చింది, కన్ను బయట ఎందుకుంది అత్తా అని అడిగింది.

ఇంకో మూడు గుడ్డలు ఉన్నాయి, అందులో ఒకటి సగమే వేసింది, గళ్లు గీసి బొగ్గుతో ఆకారాలు పెట్టి వదిలేసింది. చింతపుల్ల కాల్చిన బొగ్గు, ముట్టుకుంటే చేతికి వస్తుంది. దాన్ని కడతారా అని అడిగా. తీసుకురండి, కానీ మడత పెట్టొద్దు, మీద ఏదీ రుద్దుకోకూడదు, నేనే ఇంటికొచ్చి చూస్తా అన్నారు. జాతర అయ్యాక వస్తారు. అప్పటిదాకా ఆ మూడింటినీ ట్రంకు పెట్టెలోంచి తీసేశాం. రెండింటిని లావుపాటి పైపుకి చుట్టి, పైన అమ్మ పాత నూలు చీర కప్పాం. బొగ్గుది మాత్రం మంచం మీద అట్లాగే పరిచి ఉంది, ఆ గది తలుపు వేసి ఉంచుతున్నాం.